లైనింగు కింద జనరల్

సునాబెడలో చలి మొదలైన వారం
రష్యన్ కాలనీ నుంచి ఒక కోటు వచ్చింది
మా అమ్మ మిషను మీదికి.
మోచేతుల దగ్గర అరిగిన ఉన్ని, కలరా ఉండల వాసన.
నడుం దగ్గర రెండంగుళాలు లోపలికి, అని
వేళ్ళతో చూపించి వెళ్ళిపోయింది లీదియా పావ్లొవ్న,
ఇంజన్ల ఫ్యాక్టరీలో పెద్ద ఇంజనీరు భార్య.

అమ్మ లైనింగు విప్పింది.
ఒక వరస దగ్గర ఆగింది.
"ఇది దర్జీ కుట్టు కాదే, భయం కుట్టు."
దాని కింద పాత పట్టుగుడ్డలో
జరీ నల్లబడిన భుజకీర్తి ఒకటి,
మా సాలూరు నాటకాల్లో దుర్యోధనుడు కట్టుకునేలాంటిది,
ఇంకా ఒక ఇత్తడి బొత్తం.
బొత్తం మీద రెండు తలల పక్షి.
"గండభేరుండం! ఇంత దూరం ఎలాగ ఎగిరొచ్చినాదో!"
ఎక్కడివక్కడ పెట్టి కుట్టేసింది.

కోటు కోసం వచ్చిన మనిషి
లైనింగు మీద అరచెయ్యి రాసి చూసుకుంది,
అమ్మ మొహం చూసింది,
అప్పుడు కూర్చుంది, మొదటిసారి.

ఇద్దరికీ కలిపి ఒక భాష లేదు.
సెమిలిగుడ సంతలో ఉల్లిపాయలు బేరమాడే ఒడియా కొంచెం,
నాన్న ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన రష్యన్ ముక్కలు ఓ పది,
మిగతాదంతా టేపు.

టేపు మోకాలి మీదికి పట్టింది లీదియా:
తాతకి తాత, అర్కాదీ వెరెషిన్,
(అమ్మ నోట్లో ఆ పూటే అరకు తాత అయిపోయాడు)
పదేళ్ళకి సైనికుల బడిలో చేరాడు,
అన్న విడిచిన అంగీ, చేతులు రెండు మడతలు.
పద్దెనిమిదికి చంకలు బిగిశాయి,
డాన్యూబ్ నదిలో తడిసి ఒంటి మీదే ఆరాయి.
తర్వాత కాకసస్ కొండల్లో పన్నెండేళ్ళు.
సెవస్తోపోల్లో ఎడమ చెయ్యి పోయింది.
ఖాళీ చేతిని మడిచి పిన్ను పెట్టేది భార్య
ప్రతి ఉదయం, ఇరవై నాలుగేళ్ళు.
జనరల్ అయ్యాక కొత్త యూనిఫారం కుట్టిన దర్జీ
బిల్లులో రెండు చేతులకీ కూలి వేశాడు.

అమ్మ పడీ పడీ నవ్వింది.
"ఏ దేశంలోనైనా దర్జీ దర్జీయే."

కాజాలు కుడుతున్న సొంబారి నవ్వలేదు.
"ఆ పన్నెండేళ్ళు ఏం చేశాడు?"

లీదియా కత్తెర తీసుకుని గాలిని కత్తిరించింది.
అడవి. దారి కోసం అడవి నరికించాడు.
దారి చివర ఒక ఊరు.
అగ్గిపుల్ల గీసినట్టు వేలు ఆడించింది.
తర్వాత తన రొమ్ము మీద చూపించింది,
పతకం ఎక్కడ పెట్టారో.

"ఆ ఊరి పేరేమిటి?"

లీదియాకి తెలీదు.
ఇంట్లో ఆయన ఉత్తరాలుండేవట, పెట్టెడు.
మంచు ఎన్ని అడుగులు పడిందో రాశాడు,
చచ్చిన గుర్రాల పేర్లు వరసగా రాశాడు.
ఊరి పేరు రాయలేదు.
ముసలితనంలో మాత్రం
పొయ్యిలో కట్టె చిటపటమంటే లేచి
మంచులోకి పోయి నిలబడేవాడట, కోటు లేకుండా.
చివరికి చలికే పోయాడు జనరల్ గారు,
యుద్ధాలన్నీ ఊరికే వదిలేసిన మనిషి.

అప్పుడు సొంబారి తన ఊరి పేరు చెప్పింది.
కొలాబ్ డ్యాము నీళ్ళు ఎక్కిన ఊరు.
మామిడి చెట్ల కొసలు కొన్నాళ్ళు కనిపించాయట,
తర్వాత అవీ లేవు.
లీదియా ఆ పేరు రెండుసార్లు తప్పు పలికింది.
మూడోసారి సరిగ్గా.
ముగ్గురూ చాలాసేపు ఏమీ కుట్టలేదు.

వాళ్ళ దేశానికి వెళ్ళిపోయే ముందు
భుజకీర్తి తీసుకుని బొత్తం వదిలేసింది.
అమ్మ దాన్ని దేనికీ కుట్టలేదు.
"దీనికి సరిపడే కాజా మనిళ్ళల్లో లేదు."
ఇప్పుడది నా దగ్గరుంది, పౌడరు డబ్బాలో,
జాకెట్టు హుక్కుల మధ్య,
రెండు తలలతో రెండు వైపులా చూస్తూ.

సాలూరు బస్సు సెమిలిగుడ దాటేటప్పుడు
సొంబారి కుట్టు దుకాణం కనిపిస్తుంది.
దిగి అడగాలి అనుకుంటాను.
నాకు ఆ ఊరి పేరు గుర్తు లేదు.
అరకు తాత గుర్రం పేరు గుర్తుంది. బురాన్.